పుర్రచేతి వాళ్ళ కుక్క

ఆ వీధిలో దర్జీ కొట్టు ఎక్కడని అడిగితే ఎవరూ బోర్డు మీది పేరు చెప్పరు. "పుర్రచేతి వాళ్ళదా? అదిగో, సైకిళ్ళ షాపు దాటగానే" అంటారు. బోర్డు మీద వేరే పేరేదో ఉంది కానీ రాయించినవాళ్ళకే అది గుర్తు లేదు. నాయనమ్మది ఎడమచేతి వాటం. ఆవిడ కొడుకుదీ అంతే, మనవడిదీ అంతే. ముగ్గురూ ఒకే బల్ల ముందు వరసగా నిలబడి ఎడమచేత్తో కత్తెరలు ఆడిస్తుంటే, కొత్తగా వచ్చినవాళ్ళు తెచ్చిన గుడ్డ చంకలో పెట్టుకుని, వచ్చిన పని మర్చిపోయి చూస్తుండిపోయేవాళ్ళు.

చూస్తారని తెలిసే నాయనమ్మ ఆ బల్లను వాకిలికి ఎదురుగా వేయించింది. కొట్టులో ప్రతి వస్తువూ ఆ చేతికే అమర్చి ఉంటుంది. సుద్దముక్కలు, టేపు, గుండుసూదుల డబ్బా అన్నీ ఎడమ పక్కనే. గీత మీద చేతి నీడ పడకుండా వెలుతురు కుడివైపు కిటికీలోంచి వస్తుంది. కత్తెరలు బజారులో దొరికేవి కావు. కత్తులు చేసే ఆయన దగ్గర కూర్చుని, ఎడమచేతికి సరిపోయేలా అంచులు మార్పించి మరీ చేయించినవి. మామూలు మనిషి వాటిని తీసుకుని కాగితం కత్తిరించబోతే కాగితం నలిగి మడత పడుతుందే తప్ప తెగదు. అలా నలిగినప్పుడల్లా నాయనమ్మ మొహం వెలిగిపోయేది.

కుడిచేతి వాళ్ళ మీద ఆవిడకి ఒక సిద్ధాంతం ఉంది. వాళ్ళు గీసిన గీత మీద పోతారట, గీత తప్పని తెలిసినా దాని మీదే పోతారట, సొంత బుర్ర వాడరట. ఎవరైనా చొక్కా బాగోలేదని తిరిగి తెస్తే ముందు చొక్కా చూడదు, దాన్ని పట్టుకున్న చెయ్యి చూస్తుంది. అది కుడిచెయ్యి అయితే "ఊఁ, అదీ సంగతి" అన్నట్టు కొడుకు వైపు ఒక చూపు చూస్తుంది. కుళాయిలు, తాళాలు, కుట్టుమిషను చక్రం, ఆఖరికి గడియారానికి కీ ఇచ్చే మర కూడా కుడిచేతి వాళ్ళంతా కూడబలుక్కుని చేసిన కుట్రే ఆవిడ లెక్కలో. ఇంత పక్షపాతం ఇంకొకరికి ఉంటే నలుగురూ కలిసి గడ్డిపెట్టేవాళ్ళు. ఆవిడ కుట్టిన చొక్కా భుజాల దగ్గర అతికినట్టు కూర్చుంటుంది కాబట్టి అందరూ ఊరుకున్నారు.

ఆ ఇంటికి కోడలిగా వచ్చిన అమ్మది మాత్రం కుడిచెయ్యి. ఎవరూ ఆవిడని ఎత్తిపొడిచేవాళ్ళు కారు, ఎవరూ మర్చిపోయేవాళ్ళూ కారు. కాజాలు కుట్టే పని ఇచ్చి, పై అంతస్తులోని వంటిల్లు అప్పగించారు. ఆ ఇంట్లో మామూలు కత్తెర అంటూ ఉంటే అది వంటింట్లో పాల ప్యాకెట్లు కత్తిరించే చిన్న కత్తెరే.

ఇక మన పిల్ల. ఇరవై మూడేళ్ళది. తనది ఎడమచేతి వాటమేనని ఇంట్లో అందరి నమ్మకం, తన నమ్మకమూ అదే. ఎడమచేత్తోనే రాసేది, కానీ ఆ రాత కోడి గెలికినట్టు ఉండేది. ఎడమచేత్తోనే గ్లాసు అందించేది, కానీ అందుకునేవాళ్ళు రెండు చేతులూ చాచి సిద్ధంగా ఉండేవాళ్ళు. కత్తిరిస్తే కత్తెర గీతకి పక్కనుంచి, తనకేం సంబంధం లేనట్టు వెళ్ళిపోయేది. అందుకే ఆమెకి వంకర అని పేరు పడింది. "మా వంకర ఏదీ? మా వంకరకి అన్నం పెట్టారా?" అని ఎంతో గారంగా పిలిచేవాళ్ళు. గారంగా పిలిచే పేరుని వద్దనడం చాలా కష్టం.

పన్నెండో ఏట ఆమెని బల్ల దగ్గర నిలబెట్టారు. ఆరేళ్ళు చూసి, ఇంక గుడ్డలు పాడవడమే తప్ప లాభం లేదని గుండీలకీ ఇస్త్రీకీ మార్చారు. ఆమెకి కావలసింది మాత్రం ఆ బల్లే. వేరే ఏ కోరికా అంత గట్టిగా లేదు. అన్న కత్తిరించిన ముక్కలు ఇస్త్రీ చేస్తూ, ఇక్కడ చంక ఇంకాస్త లోతుగా తీసి ఉండాల్సింది, ఇక్కడ మెడ ఎక్కువ తిరిగింది అని మనసులోనే మళ్ళీ కత్తిరించుకునేది. కంటికి అన్నీ తెలిసేవి, చేతికి ఏదీ వచ్చేది కాదు. దానికి ఆమె తన చేతినే తిట్టుకునేది.

ఇలా ఉండగా మొన్నీమధ్య నాన్న ఆమెకి పరదాల దుకాణంలో కౌంటరు దగ్గర ఉద్యోగం మాట్లాడి వచ్చాడు. సోమవారం చేరాలి.

"మంచివాళ్ళమ్మా. కుర్చీ ఇస్తారు, ఫ్యాను ఉంటుంది. కత్తెర పట్టుకునే పనే లేదు" అన్నాడు, పెద్ద వరమేదో తెచ్చినట్టు.

ఆమె సరేనంది. తర్వాత పెరట్లోకి వెళ్ళి కుక్క మెడ పట్టుకుని చాలాసేపు కూర్చుంది.

కుక్క సంగతి చెప్పలేదు కదా. దాని పేరు బొత్తాం. నల్లటి ముక్కు తప్ప ఒళ్ళంతా గోధుమరంగు జుట్టు. పదకొండేళ్ళ కిందట నాన్న దాన్ని సంచీలో వేసుకుని తెస్తే నాయనమ్మ ససేమిరా అంది. "ఇది బట్టలు కుట్టే కొట్టురా, బొచ్చు రాల్చే కొట్టు కాదు" అని గుమ్మంలోనే ఆపేసింది. నాన్న బతిమాలుతుంటే, పొమ్మని చెప్పడానికి ఎడమచెయ్యి చాచింది. ఆ కుక్కపిల్ల ఏమనుకుందో ఏమో, ముందుకాలు ఎత్తి ఆ అరచేతిలో పెట్టింది. నాయనమ్మ దాని కాలు చూసింది, తన చెయ్యి చూసుకుంది.

"ఒరేయ్, ఇది ఎడమ చెయ్యి ఇచ్చిందిరా!" అంది.

అంతే, ఆ రోజు నుంచి అది కుక్క కాదు, ఇంటి మనిషి. కొట్టుకి వచ్చిన ప్రతివాళ్ళకీ దాన్ని చూపించేది. వాళ్ళు మామూలుగా కుడిచెయ్యి చాచితే బొత్తాం అడ్డంగా వచ్చి మరీ అదే కాలు ఇచ్చేది. "చూశారా? మీరు ఎటు చాచినా అది తన చెయ్యే ఇస్తుంది. మా రక్తం" అనేది నాయనమ్మ. కుక్కకీ తమకీ రక్తం ఎలా కలిసిందని ఎవరూ అడిగేవాళ్ళు కారు. కొలతలు ఇవ్వాల్సిన మనిషి ఆవిడతో వాదన పెట్టుకోడు.

నాయనమ్మ దాన్ని నెత్తిన పెట్టుకుంది కానీ, అది మాత్రం వంకరనే పట్టుకు తిరిగేది. దాని పనులన్నీ ఆమెవే. రెండు వారాలకోసారి పెరట్లో గోనె పరిచి, వంటింటి కత్తెర తెచ్చి, దాని చెవుల పక్కనా తోక కిందా పెరిగిన జుట్టు కత్తిరించేది. ఆ కత్తెర ఎడమచేతి వేళ్ళకి ఎక్కేది కాదు, అందుకని కుడిచేతికి తగిలించుకునేది. తను చేస్తున్నది కత్తిరింపు అని ఆమెకి ఎన్నడూ తోచలేదు. కుక్కకి స్నానం చేయించడం, పురుగులు ఏరడం లాంటి పనుల్లో అదొకటి, అంతే. బొత్తాం కూడా కళ్ళు మూసుకుని, తల దువ్వించుకునే దొరసానిలా కదలకుండా నిలబడేది. ఎక్కడ చేయించారని వీధిలో అడిగితే నాయనమ్మ "చేయించడమేంటి, దాని జుట్టే అంత" అని గర్వంగా చెప్పేది.

ఆ బుధవారం బొత్తాంకి ఆపరేషను అయింది. పక్కటెముకల మీద నిమ్మకాయంత గడ్డ లేస్తే పశువుల డాక్టరు తీసేశాడు. ఆయన కాగితం మీద మందులు రాస్తుంటే నాయనమ్మ మెడ సాచి చూసి, అన్న చెవిలో "కుడిచేతివాడురా. ఇంకో డాక్టరు లేడా?" అంది. అది ఆయనకీ వినపడింది. పాపం, తల ఎత్తకుండా రాసుకుపోయాడు.

కుట్లు నాకకుండా మెడకి ప్లాస్టిక్ గరాటు ఒకటి తగిలించి పంపించాడు. బొత్తాం ఆ గరాటుతో మెట్లకీ, మిషను కాళ్ళకీ, వచ్చినవాళ్ళ మోకాళ్ళకీ కొట్టుకుంటూ తిరిగింది. అన్నం ముట్టలేదు. మర్నాడు డాక్టరుకి ఫోన్ చేస్తే, గరాటు తీసేసి ఒంటికి పట్టేలా బట్ట తొడగమన్నాడు. "దర్జీలే కదా మీరు, మీకో లెక్కా!" అని కూడా అన్నాడు. మందుల చీటీ వెనక వివరం రాసి పంపాడు: కుట్లు కుడివైపు ఉన్నాయి, ఆ వైపు గుండీలు విప్పి మందు రాయడానికి వీలుండాలి, మిగతాదంతా మూసి ఉండాలి.

నాన్న ఆ చీటీ పైకి చదివాడు. నాయనమ్మ నవ్వింది.

"కుడివైపా? కోసినవాడికే ఎటు కోశాడో తెలీదన్నమాట. చెయ్యి ఇచ్చే వైపే కదరా కుట్లు? అది ఇచ్చేది ఎడమ చెయ్యి. అంటే కుట్లు ఎడమవైపు. నేను చెప్పలేదూ, ఆ డాక్టరు కుడిచేతివాడని!"

"పాపం, కంగారులో రాసుంటాడమ్మా" అన్నాడు నాన్న.

అందరూ డాక్టరు మీద జాలిపడి, ఆయన తప్పుని తామే దిద్దుకుని, ఎడమవైపు విప్పుకునేలా కోటు మొదలుపెట్టారు. నాయనమ్మ కత్తిరించింది, నాన్న కుట్టాడు, అన్న గుండీల చోటు గుర్తు పెట్టాడు, అమ్మ కాజాలు తీసింది. వంకర కుక్కని పట్టుకుంది. నీలం రంగు మెత్తటి గుడ్డ, లోపల తెల్ల లైనింగు, మెడకి చిన్న కాలరు కూడా. తొడిగి చూస్తే గుండీలన్నీ బాగున్న వైపు వచ్చాయి. కుట్లు అటువైపు, మూసిన గుడ్డ కింద ఉండిపోయాయి.

నాయనమ్మ కుక్కని ఇటు తిప్పి గుండీలు చూసింది, అటు తిప్పి కుట్లు చూసింది. యాభై రెండేళ్ళుగా ఆవిడ కత్తెర కుడినీ ఎడమనీ ఒక్కసారి కూడా తారుమారు చేయలేదు.

"గుడ్డ తిరగేసి పరిచావురా నువ్వు" అంది కొడుకుతో.

"నేనెక్కడ తిరగేశానమ్మా? నువ్వే కదా సుద్ద గీసింది!"

శుక్రవారమంతా ఇంకో కోటు. ఈసారి పరిచిన గుడ్డను నాయనమ్మ రెండుసార్లు తడిమి చూసింది. గీసింది ఆవిడే, కత్తిరించిందీ ఆవిడే. తొడిగితే మళ్ళీ అంతే, గుండీలు అటు, కుట్లు ఇటు.

"లోపలిది బయటికి తిప్పి తొడిగితే సరిపోతుంది కదా" అన్నాడు అన్న, చాలా తెలివిగా.

"లైనింగు బయటేసుకుని నా కుక్క వీధిలో తిరుగుతుందా? మన పరువేం కావాలిరా!"

ఈలోగా మందు రాయాల్సినప్పుడల్లా కోటు మొత్తం ఊడదీయాల్సి వచ్చేది. ఊడదీసిన క్షణంలో బొత్తాం వెనక్కి తిరిగి కుట్లు నాకేసేది. శనివారం పొద్దున వంకర మందు డబ్బా మూత తీసేలోపు ఒక కుట్టు తెగి, కాస్త నెత్తురు కనబడింది.

"కొలతలు మళ్ళీ తీయండి. మొదటినుంచీ తీయండి. ఎక్కడో పొరపాటు జరిగింది" అని నాయనమ్మ కేకేసింది. గాయం అయినప్పటినుంచీ బొత్తాం వంకరని తప్ప ఎవరినీ మీద చెయ్యి వేయనివ్వడం లేదు. కొలతలు తీయడం ఆమె పని కాకపోయినా టేపు ఆమె చేతికే ఇచ్చారు.

ఆమె కుక్క వెనక మోకాళ్ళ మీద కూర్చుంది. అది వాకిలి వైపు చూస్తోంది, ఆమె కూడా వాకిలి వైపే చూస్తోంది. తొడుక్కునేవాళ్ళ కుడే కుడి, చూసేవాళ్ళది కాదు: కొట్టులో చేరిన రోజు నేర్పే మొదటి పాఠం ఇదే. ఆమె టేపు చుట్టి ఒక్కొక్కటే చదువుతోంది, అన్న పుస్తకంలో రాసుకుంటున్నాడు. "మెడ పధ్నాలుగు. ఛాతీ ఇరవై ఆరు. కుడి ముందుకాలి నుంచి కుట్టు దాకా మూడు."

"ఎడమ" అన్నాడు అన్న, తల ఎత్తకుండా.

ఆమె తన కుడిచెయ్యి చూసుకుంది. దాని కింద కుక్క కాలు చూసింది. రెండూ ఒకే వైపు ఉన్నాయి. ఆ కాలే అది అందరికీ ఇచ్చే కాలు. ఒక్క నిమిషం ఆమెకి నవ్వూ భయమూ కలిసి వచ్చాయి. చెప్పకుండా ఊరుకోవచ్చు. ఇంట్లో కుడి ఎడమల గురించి మాట్లాడే హక్కు అందరికంటే తక్కువ ఉన్నది తనకే. సోమవారం నుంచి ఎలాగూ పరదాల దగ్గర కూర్చుంటుంది. కానీ ఊరుకుంటే మూడో కోటు కూడా తప్పుగానే తెగుతుంది, ఇంకో కుట్టు ఊడుతుంది.

"డాక్టరు రాసింది కరెక్టే. కుట్లు కుడివైపే ఉన్నాయి" అంది.

"చెయ్యి ఇచ్చే వైపు కదే!" అంది నాయనమ్మ.

"అవును. అది ఇచ్చేది కుడిచెయ్యి నాయనమ్మా."

కత్తెరలు ఆగిపోయాయి. నాన్న మిషను చక్రం మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయాడు.

"ఏంటే ఆ మాటలు? పదకొండేళ్ళుగా చూస్తున్నాను!" నాయనమ్మ వచ్చి కుక్కకి ఎదురుగా నిలబడి ఎడమచెయ్యి చాచింది. బొత్తాం కాలు ఇచ్చింది. "ఇదిగో. నా చెయ్యి ఎడమ. దీని చెయ్యి నా చేతికి ఎదురుగా ఉంది. ఇంకేం కావాలి?"

"నువ్వు ఎదురుగా ఉన్నావు కదా. ఎదురుగా నిలబడ్డ మనిషి ఎడమ భుజం నీకు ఎటు వస్తుంది?"

ఏ దర్జీకైనా నిద్రలో లేపి అడిగినా తెలిసే సంగతి అది. నాయనమ్మకి చప్పున తెలిసిపోయింది. తెలిసినట్టు మొహంలో కనిపించింది కూడా. అయినా ఒప్పుకోలేదు. అన్న కొలతల గదిలోంచి నిలువుటద్దం ఈడ్చుకొచ్చాడు. అద్దంలో కుక్క ఏ కాలు ఎత్తిందో, అద్దంలోది లెక్కా బయటిది లెక్కా అని తండ్రీ కొడుకులు వాదించుకోవడంతో గొడవ రెండింతలైంది. గుండీలు కొనడానికి వచ్చినావిడ ఒకరు మధ్యవర్తిత్వం చేయబోయి చీవాట్లు తిని వెళ్ళిపోయింది.

చివరికి నాయనమ్మ చీర కుచ్చిళ్ళు సర్దుకుని కిందికి దిగి, కుక్క పక్కనే నేల మీద చతికిలబడింది. ఇద్దరూ వాకిలి వైపు చూస్తూ కూర్చున్నారు. "ఏదీ, అడుగు" అంది.

వంకర వాళ్ళ ముందుకి వచ్చి చెయ్యి చాచింది. నాయనమ్మ తన ఎడమచెయ్యి పైకెత్తింది. బొత్తాం తన కాలు పైకెత్తింది. ఒకటి ఈ చివర, ఒకటి ఆ చివర.

బొత్తాం, నాయనమ్మ తన పక్కన నేల మీద కూర్చోవడం ఇదే మొదటిసారి కాబట్టి, ఆ సంతోషం పట్టలేక ఆవిడ చెంపంతా నాకేసింది. నాయనమ్మ చెంగుతో చెంప తుడుచుకుని, దాని తల రెండు చేతులతో పట్టుకుంది.

"అయితే ఏంటంట?" అంది, అందరి మీదా చిర్రుబుర్రులాడుతూ. "కుడిచేతిదైతే ఏమైంది? నా బొత్తాం బొత్తాం కాకుండా పోయిందా? చేతిలో ఏముంది!"

పైనుంచి మెట్లు దిగుతున్న అమ్మ అక్కడే ఆగిపోయింది. చేతిలో సగం కుట్టిన కాజాల పట్టీ ఉంది. సాధారణంగా కొట్టులో గొడవ జరుగుతుంటే ఆవిడ వెనక్కి తిరిగి వెళ్ళిపోతుంది. ఆ రోజు వెళ్ళలేదు.

"ఆ మాట ఇరవై రెండేళ్ళ కిందట అని ఉంటే బాగుండేది అత్తయ్యా" అంది.

నాయనమ్మ తల తిప్పింది.

"పిల్లకి మొదటిసారి స్పూను ఇచ్చినప్పుడు కుడిచేత్తో పట్టుకుంది. మీరు దాని చెయ్యి ముద్దు పెట్టుకుని, స్పూను ఈ చేతిలోకి మార్చారు. మళ్ళీ మార్చుకుంది, మళ్ళీ ముద్దు పెట్టుకుని మార్చారు. మూడోనాడు కుడిచేతికి మేజోడు తొడిగి, మణికట్టు దగ్గర రిబ్బను కట్టారు. ఏడాది పైన అలాగే ఉంచారు. రిబ్బను కూడా ఎంత అందంగా కట్టేవాళ్ళో." అమ్మ కాజాల పట్టీని చేతిలో మడత పెట్టింది. "నేను చూస్తూ ఊరుకున్నాను. ఈ ఇంట్లో కుడిచేతి కోడల్ని. మీరంతా నవ్వుతుంటే నేనూ నవ్వాను. తప్పు మీ ఒక్కరిదే కాదు."

వంకర తన రెండు చేతుల్నీ ఒళ్ళో పెట్టుకుని చూసుకుంది. ఆమెకి మేజోడు గుర్తు లేదు. గుర్తున్నది పగిలిన గ్లాసులు, బడిలో నవ్విన పిల్లలు, నలిగిన గుడ్డలు, "పోనీలే మా వంకరే కదా" అని తల నిమిరిన చేతులు. ఇంతకాలం తను ఎవరని అడిగితే, పుర్రచేతి వాళ్ళింట్లో చేతకాని పిల్లని అని చెప్పి ఉండేది. చేతకాకపోవడం నిజం కాదు, పుర్రచెయ్యీ నిజం కాదు. మరి మిగిలినదేమిటో ఆమెకి అర్థం కాలేదు. బొత్తాం వచ్చి ఆమె మోకాలి మీద గడ్డం ఆనించింది. దాని చెవి పక్కన జుట్టు, కిందటి వారం తను కత్తిరించినది, అంచు ఒక్క వెంట్రుక కూడా తేడా లేకుండా ఉంది.

"వంటింటి కత్తెర పట్టుకురా అమ్మా" అంది.

నీలం గుడ్డ ఇంకా గజం మిగిలి ఉంది. ఆమె దాన్ని బల్ల మీద పరిచి, సుద్ద కుడిచేత్తో పట్టుకుంది. చెయ్యి కొత్తదానిలా మొదట తడబడింది. గీయబోతే చేతి నీడ సరిగ్గా గీత మీదే పడింది. ఎవరూ ఏమీ అనకముందే నాయనమ్మ లేచి, "అటువైపు వెళ్ళు. కిటికీ నీ ఎడమ పక్కకి రావాలి" అంది. బల్లకి అటువైపు ఎప్పుడూ ఎవరూ నిలబడలేదు. అన్న అక్కడ పేర్చిన బట్టల దొంతరలు గబగబా ఎత్తి దారి ఇచ్చాడు. ఇప్పుడు ఆమె అందరికీ ఎదురుగా, వాకిలికి వీపు పెట్టి నిలబడింది.

చిన్న కత్తెర, మందపాటి గుడ్డ. కొంచెం కొంచెంగా కోయాల్సి వచ్చింది. మెడ దగ్గర తిరిగింది, చంక దగ్గర లోతుగా దిగింది, కుడి పక్కన తెరుచుకునే చోట సూటిగా వచ్చి ఆగింది. గీత మీదే పోయింది. ఒకచోట గీత తనకే నచ్చక, దాన్ని వదిలి లోపలికి కోసింది.

కోసిన ముక్క నాయనమ్మ చేతిలోకి తీసుకుంది. అంచు పొడుగునా బొటనవేలు జరుపుకుంటూ పోయింది, చివరిదాకా. మళ్ళీ మొదటికి వచ్చింది. కుర్చీ వెతుక్కుని కూర్చుంది.

"బడిలో పంతులమ్మ నన్ను స్కేలుతో కొట్టేది" అంది. ఈ సంగతి నాన్న కూడా ఎప్పుడూ వినలేదు. "ఈ చేత్తో రాస్తే ఈ చేతి మీదే కొట్టేది. వాచిపోయేది. నాకు ఆవిడంటే ఒళ్ళు మండేది. అందుకే చెయ్యి మార్చుకోలేదు. ఇంటికొచ్చి కసికొద్దీ ఈ చేత్తోనే ఇంకో పది పేజీలు రాసేదాన్ని. ఆవిడ శత్రువని నాకు తెలుసు కదా. నేను నిన్ను ముద్దులు పెట్టుకుంటూ కట్టేశానే. నువ్వు ఎవరి మీద కసి పెంచుకుంటావు?"

"నీ మీదే" అంది మనవరాలు.

నాన్న కంగారుగా ఏదో అనబోయాడు. నాయనమ్మ చేత్తో ఆపింది.

"ఇప్పటిదాకా నా మీదే పెంచుకున్నాను. ఇప్పుడు నీ మీద. నాకు చాలా కోపంగా ఉంది నాయనమ్మా. తగ్గడానికి టైము పడుతుంది."

"పట్టనీ" అంది నాయనమ్మ. ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి, గొంతు మాత్రం ఎప్పటిలాగే గట్టిగా ఉంది. "ఎన్నాళ్ళు పడితే అన్నాళ్ళు. బల్ల దగ్గర నిలబడి కోప్పడు."

"మరి సోమవారం వాళ్ళకి ఏమని చెప్పను?" అన్నాడు నాన్న దీనంగా.

"నువ్వేం చెప్పక్కర్లేదు నాన్నా. నాకు పనుందని నేనే ఫోన్ చేసి చెప్తాను."

సాయంత్రానికి కోటు తయారైంది. బొత్తాంకి తొడిగారు. గుండీలు కుట్ల మీదికి సరిగ్గా వచ్చాయి. విప్పి మందు రాసి, మళ్ళీ పెట్టేసరికి కుక్కకి తెలియను కూడా తెలియలేదు. అది వీధిలోకి నాలుగడుగులు వేసి, ఎవరైనా చూస్తున్నారేమోనని ఆగి చూసి, తిరిగొచ్చింది. అన్న చప్పట్లు కొట్టాడు. అమ్మ ఏడుపు దాచుకోవడానికి మెట్ల వైపు తిరిగింది. నాయనమ్మ మాత్రం ఒంగి, కుక్క ఛాతీ కింద వేళ్ళు పెట్టి గుడ్డ లాగి చూసింది.

"ఇదేంటే ఇంత వదులు?"

"కాలు ముందుకేస్తే బిగుస్తుందని వదిలాను."

"వదిలితే ఇంత వదులుతారా? కుక్కతో పాటు నన్ను కూడా దూరమంటావా ఇందులో? కొలత తీసినప్పుడు ఊపిరి బిగబట్టిందో వదిలిందో చూసుకోవద్దూ? కళ్ళెక్కడ పెట్టుకున్నావు? ఊడదీయ్, మళ్ళీ చెయ్!"

అన్న చప్పట్లు ఆపేశాడు. నాయనమ్మ కొడుకుని తిడుతుంది, మనవడిని రోజుకి పదిసార్లు తిడుతుంది. ఈ పిల్లని మాత్రం ఎన్నడూ పల్లెత్తు మాట అనలేదు, తిట్టినందువల్ల బాగుపడే చెయ్యి కాదని.

ఆమె వంగి చూసింది. నిజమే, వేలెడు ఎక్కువ వదిలింది. చెయ్యి చక్కగానే కోసింది, లెక్కే తప్పింది. ఏ దర్జీ అయినా చేసే తప్పు అది. మొహం ఎర్రబడింది, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, ఇంత సంతోషం ఆమెకి ఊహ తెలిశాక లేదు. టేపు మెడలో వేసుకుని కుక్క ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"ఊపిరి వదలవే" అంది.